వానల పద్దు – ఊరి ప్రణాళిక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

    

రజతోత్సవ సభలలో మాటలాడువారు గ్రంథాలయోద్యమమును గూర్చి చెప్పుట పరిపాటి. అయ్యంకి వెంకటరమణయ్యగారిని, మన సీమబిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని తలంపకుండ ఇట్టి సభ ముగియరాదు. ఆ మహనీయులకు నమస్కరించి, వారి చరిత్రమును నాకంటె బాగుగ చెప్పగల పెద్దలకు విడిచిపెట్టి, నాకు అప్పగించిన పనికి వచ్చెదను. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "అయ్యా! శీతోష్ణస్థితి మారుచున్నదని పత్రికలన్నియు వ్రాయుచున్నవి. దానికి తగినట్లు పల్లెలు కూడ ప్రణాళికలు వేసికొనవలెనని పైనుండి చెప్పుచున్నారు. ఆ ప్రణాళికలో మన ఊరివారు ఏమి వ్రాయించుకొనవలెనో నాలుగు మాటలు చెప్పుడు" అని కోరిరి. చెప్పెదనంటిని. చెప్పెదనన్న పిమ్మట నెలరోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఆ కారణము క్రమముగా మీకే తెలియగలదు.

ఈ విషయము గ్రంథాలయ సభకు తగునా యని మొదట నాకును సందేహము కలిగినది. ఆ సందేహమును తీర్చినది మన రాజ్యాంగమే. 1992లో చేసిన 73వ సవరణతో చేరిన 11వ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు గలవు. అందు మూడవది చిన్నతరహా నీటివనరులు, నీటి నిర్వహణ. ఇరువదవది గ్రంథాలయములు. ఒకే పట్టికలో పేరున్నవారు ఒకరినొకరు పలుకరించుకొనుటలో తప్పేమియు లేదు.

గ్రంథాలయపు అరుగుమీద ఈ మాట నేనెత్తగనే ఒక పెద్దమనిషి నన్ను నిలదీసిరి. "కఱవు మనకు క్రొత్త చుట్టమా? 1876 నాటి ధాత కఱవులో వాన కురిసెనా? అప్పుడు లేని శీతోష్ణస్థితి మార్పు ఇప్పుడెక్కడనుండి వచ్చెను?" అని వారి ప్రశ్న. మంచి ప్రశ్నయే. ధాత కఱవు 1876 మొదలు 1878 వఱకు దత్తమండలములను ఊడ్చివేసిన మాట నిజము. కఱవు మనకు వంశపారంపర్యముగా వచ్చినదే. మారినది కఱవు గాదు, వాన నడచు తీరు. 19వ శతాబ్దపు ద్వితీయార్ధముతో పోల్చినచో 2011–2020 నడుమ భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీలు హెచ్చినదని ప్రపంచ శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి నూటికి ఏడుపాళ్ళు ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఆ గాలి మన చేలలోని తడిని త్వరగా పీల్చును. విడిచినపుడు కుండపోతగ విడుచును. నాలుగు పదునులుగా పడవలసిన వాన ఒక్క రాత్రి పడి, మిగిలిన నెల యంతయు ఆకాశము అద్దమువలె నుండును. వర్షపాతపు లెక్కలో ఆ యేడు సరాసరికి సరిపోయినట్లే కనబడును. చేనిలో మాత్రము పంట యుండదు.

2021 నవంబరును మీరు మఱచియుండరు. కఱవు సీమ యని పేరుబడిన మన జిల్లాలోనే చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట వైపు పల్లెలను ముంచినది. ఆ దినములలోనే మన పాపాగ్ని పొంగి, కమలాపురము వద్ద పెద్ద రహదారి వంతెన కూలినది. వేసవిలో ఇసుకలో చెలమ త్రవ్వినను నీరు కనబడని యేఱు అది! ఒకే యేటికి ఈ రెండు ముఖములున్నపుడు, ఆ యేటి ఒడ్డున బ్రదుకువారు వేసికొను ప్రణాళిక కూడ రెంటిని చూడవలసియున్నది.

ప్రణాళిక యనగనే అది ఢిల్లీలోనో, అంతకంటె దూరపు దేశములలోనో పుట్టిన వస్తువని మనవారి తలంపు. మన జిల్లాకు అది ఆఱున్నర శతాబ్దములుగా తెలియును. పోరుమామిళ్ళ చెఱువు గట్టున ఒక శాసనము గలదు. విజయనగర చక్రవర్తి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి సీమనేలిన భాస్కరుడు, భవదూరుడని మఱియొక పేరు గలవాడు, 1369లో దానిని వేయించెను. వేయిమంది కూలీలు, రాతిని తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల పని. ఇంతవఱకు ఏ రాజైనను చెప్పుకొనునదే. ఆ శాసనపు ఘనత వేఱొకటి. చెఱువునకు పండ్రెండు అంగములుండవలెననియు, ఆఱు దోషములు ఉండరాదనియు అందు విడమరచి చెప్పబడినది. ధర్మాత్ముడైన ప్రభువు, జలశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరమునుండి వచ్చు తీయని నీటి యేఱు, కొండల నడుమ ఒదిగిన గట్టి రాతికట్ట, లోతుగ విశాలముగనుండు చెఱువుకడుపు, దగ్గఱలో రాతిగని, చదునైన సారవంతపు పొలములు, పని తెలిసిన కూలీలు – ఇవి ఆ యంగములలోనివి.

దోషములను గూర్చి కొంచెము నిదానముగ చెప్పవలసియున్నది. కట్ట నెమ్ముట ఒకటి. చవుడునేల యొకటి. చెఱువు నడుమ మిట్టయుండుట ఒకటి. నీరు మిక్కుటమై చోటు చాలకుండుట ఒకటి. ఇక మిగిలినవి రెండు. ఆ చెఱువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట దోషము. నీరు స్వల్పమై, పాఱవలసిన భూమి విస్తారమై యుండుట దోషము. ఈ రెండింటిని చదివినపుడు, శాసనము వ్రాసినవాడు వేంపల్లె సంత చూచి వ్రాసెనా యని నాకు భ్రమ కలిగినది.

మొదటిది చూడుడు. పాపాగ్ని కర్ణాటకములోని నందికొండల వైపు పుట్టి, అనేక చెఱువులకు, వెలిగల్లు జలాశయమునకు తన పాలు చెల్లించి, గండి దగ్గఱ కొండను చీల్చుకొని మన చెంతకు వచ్చును. కమలాపురము చేరువలో పెన్నలో కలియును. పుట్టినచోట ఒక రాష్ట్రము, కలిసినచోట మఱియొక రాష్ట్రము. పైనున్నవారు కట్టిన ప్రతి కట్ట మనకు తగ్గిన ఒక ప్రవాహము. గండిలో అంజనేయస్వామి సన్నిధిని రెండు కొండల నడుమ బంగారు తోరణము కలదని, పుణ్యాత్ములకే అది కనబడునని, కలెక్టరుగా ఈ సీమనేలిన మన్రో దొరకు కనబడెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ తోరణము సంగతి నాకు తెలియదు. దాని క్రింద పాఱవలసిన నీరు ఏటేట తగ్గుచుండుట పాపాత్ములకు కూడ కనబడుచున్నది.

రెండవ దోషమును చెప్పుటకు నేను ఇంటి గుట్టు విప్పవలెను. మా తండ్రిగారి కాలమున మాకొక కపిలబావి గలదు. ఎడ్లు అలసిపోయిన చోట నీరు తోడుట నిలిచిపోవును. కనుక బావి ఎండుటకు ముందే ఎడ్లు దానిని కాపాడెడివి. తరువాత మోటారు వచ్చినది. మోటారునకు అలసట లేదు. బావి ఎండినది. బావిలో బోరు వేసితిమి. అది యెండగనే చేనిలో వేయించితిని. మొదటి రెండింటిలో దుమ్ము వచ్చినది. మూడవదానిలో నీరు పడినది. టెంకాయ కొట్టితిమి, ఇరుగుపొరుగునకు బెల్లము పంచితిమి. ఆ వేసవిలోనే మా పొరుగు రైతు బోరు ఆఱిపోయినది. ఆయన నన్నొక్క మాటయు అనలేదు. పలుకరించుట మాత్రము తగ్గించెను. రెండేండ్లకు అప్పు చేసి నాకంటె లోతుగ వేయించెను. ఈసారి నాది ఎండినది. చీనీచెట్లకు ట్యాంకరుతో నీరు తోలించి, కడకు వాటిని నా చేతులతోనే కొట్టించితిని. ఈ పందెములో గెలిచినవాడు బోరు లారీవాడొక్కడే. ఇట్టి కథ ఈ సభలో ఎందఱ యిండ్లలో నున్నదో నేను చేతులెత్తుమని అడుగను.

మన క్రిందనున్న రాయి కూడ ఇందుకు తోడైనది. ప్రపంచపు భూగర్భశాస్త్ర గ్రంథములలో మన ఊరి పేరు కలదని మీలో కొందఱకు తెలిసియుండకపోవచ్చును. దాదాపు 190 కోట్ల సంవత్సరముల నాటి డోలమైటు సున్నపురాతి పొరలకు శాస్త్రజ్ఞులు 'వేంపల్లె శిలాశ్రేణి' యని పేరు పెట్టిరి. ఆదికాలపు సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుర్తులు ఆ రాళ్ళలో నున్నవి. ఇది గర్వింపదగిన సంగతియే. కాని అంత ముదిరిన రాతిలో నీరు నిలువదు. పగుళ్ళలో, కరిగిన సందులలో మాత్రమే దాగియుండును. ఆ సందు నా చేని క్రిందనుండి పొరుగువాని చేని క్రిందికి పోవును. పైనున్న గెనిమతో దానికి పనిలేదు.

2002లో చేసిన నీరు, భూమి, వృక్ష చట్టము ప్రకారము బోరునకు అనుమతి, బోరునకు బోరునకు నడుమ దూరము ఉండవలెను. చట్టము మంచిదే. కాని ఇద్దఱు పొరుగువారు ముఖాముఖి మాటలాడుకొనలేని సంగతిని కాగితము తీర్పలేదు. మాటలాడుకొనుటకు ముందు ఇద్దఱికిని ఒప్పుదలయగు లెక్క యొకటి కావలెను.

అట్టి లెక్కను మన జిల్లా రైతులు ఒకప్పుడు వ్రాసియున్నారు. అందుకే నేనీ సంగతిని ఇంత దూరము తెచ్చితిని. 2003 తర్వాత కొన్ని సంవత్సరములు, నాటి ఆంధ్రప్రదేశములో ఏడు కఱవు జిల్లాలలో – అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ, ప్రకాశము – రైతులే భూగర్భజలమును నిర్వహించుకొను పథకమొకటి నడచినది. మొదట నెదర్లాండ్సు దేశపు సాయము, పిదప ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటు దానికి లభించినవి. వందలకొలది పల్లెలలో రైతులు, వారిలో చదువు అంతంతమాత్రపు ఆడవారు సయితము, వానను కొలిచిరి. గుర్తించిన బావులలో నీటిమట్టము కొలిచిరి. మోటారు ఎంత నీరు పోయుచున్నదో కొలిచిరి. ఆ యంకెలను ఊరి గోడమీది పలకలపై వ్రాసిరి. రబీ పైరు పెట్టుటకు ముందు అందఱును కూడి, భూమిలో చేరినదెంత, ఈ కారు పెట్టదలచిన పైరులు త్రాగునదెంత యని జమాఖర్చు వేసిరి. లోటు కనబడిన చోట పెక్కుమంది వరి తగ్గించి ఆరుతడి పైరులకు మరలిరి. ఎవరును ఆజ్ఞాపింపలేదు. జరిమానా లేదు. లెక్క పదిమందిలో చదువబడినది, అంతియే.

ఆ లెక్క ఎట్టిదో ఈ పలకమీద వేసి చూపెదను. ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన పడినచో రమారమి 4,000 లీటర్లు. మన పడమటి భాగమునకు సాలుకు 600 మిల్లీమీటర్లు అనుకొందము. ఎకరమునకు 24 లక్షల లీటర్లు పడినవన్నమాట. ఇందులో నూటికి పదిపాళ్ళు భూమిలోనికి దిగినచో అదియే గొప్ప. మిగిలినది ఆవిరియగును, పైరు త్రాగును, వంకపాలగును. అనగా భూమి దాచుకొన్నది 2,40,000 లీటర్లు. బోరు క్రింద రబీలో ఒక యెకరము వరి పండించుటకు రమారమి 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను, అనగా 48 లక్షల లీటర్లు. ఇరువది యెకరములు దాచిన నీటిని ఒక్క యెకరము వరి త్రాగినది! వేరుసెనగకు అందులో సగము కూడ అక్కఱలేదు. కొఱ్ఱకు నాలుగవ వంతు చాలును. మఱియొక తీరున చూడుడు. జలజీవన పథకపు కొలత చొప్పున మనిషికి దినమునకు 55 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి సాలుకు లక్ష లీటర్లు. ఆ యెకరము వరి 48 ఇండ్ల సంవత్సరపు నీరు. అరటి సంగతి నేను చెప్పను. పులివెందుల వైపునుండి వచ్చిన మిత్రులు ముందు వరుసలోనే కూర్చుండియున్నారు! డ్రిప్పు వేసినవారికి కొంత ఆదాయే. అయితే మిగిలిన నీటితో మఱి రెండెకరములు పెంచినచో ఆ ఆదా ఏమైనట్లు?

ఇక ఊరివారి మాటకు వచ్చెదను. ఈ ఉపన్యాసమునకు ముందు నెలరోజులు గ్రంథాలయపు బల్లమీద ఒక పెట్టె నుంచి, ప్రణాళికలో మీకు కావలసినదేమి, మీకు భయము కలిగించునదేమి వ్రాసి వేయుడని కోరితిని. వ్రాయనేరనివారి మాటలను మన పాఠకులైన పిల్లలు వ్రాసి వేసిరి. ఆ చీట్లన్నియు నావద్ద నున్నవి. ఒక్క చీటిలోనైనను బొగ్గుపులుసు వాయువు పేరు లేదు. దానికి నేను ఆశ్చర్యపడలేదు. మన దేశములో తలకు పడు బొగ్గుపులుసు వాయువు ప్రపంచ సరాసరిలో సగమునకు తక్కువ. మన మెట్టరైతు పాలు ఇంకను తక్కువ. అయితే ముద్దనూరు చెంతనున్న 1,650 మెగావాట్ల తాపవిద్యుత్కేంద్రములో బొగ్గు మండుచున్నది. మన బోర్లు త్రాగు కరెంటులో ఆ పొగయు కలిసియున్నది. 2004 నుండి రైతునకు కరెంటు ఉచితము గనుక అది మనకు కనబడదు. నీరు తక్కువ తోడినచో బొగ్గును తక్కువయే మండును. కనుక ఆ పనికి వేఱే అధ్యాయమక్కఱలేదు.

చీట్లలో ఎక్కువ వచ్చినది గండికోట నీరు. తోటల రైతులందఱును అదే వ్రాసిరి. 26.85 టి.ఎం.సి. పట్టు ఆ జలాశయము మన భాగ్యమే, కాదనను. కాని దానిలోనికి వచ్చునది కృష్ణానది నీరు. శ్రీశైలము నిండవలెను, అందుకు మహారాష్ట్రమున, కర్ణాటకమున వానలు పడవలెను. 2023లో కృష్ణకు తగిన వరద రాలేదు, శ్రీశైలము నిండలేదు. పెద్దకాలువను నమ్మి ఊరి చెఱువును మఱచినవాడు, రెండును లేని యేడు ఎవరిని అడుగును?

ఆడవారి చీట్లలో నీరు ఎంత యని లేదు, ఎప్పుడని యున్నది. ట్యాంకరు ఏ వేళకు వచ్చునో తెలియక కూలికి పోలేకున్నామని ఒక తల్లి వ్రాయించినది. ఇంజనీర్ల ప్రణాళికలో లీటర్లుండును గాని గంటలుండవు. ఇది నాకును తోచియుండలేదు. బేల్దారి పనివాడొకడు నడిమింటి యెండలో పని నిలుపవలెననియు, నిలిపిన గంటలకు కూలి ఎవరిత్తురో కూడ ప్రణాళికలో వ్రాయవలెననియు కోరెను. 2015 వేసవిలో వడదెబ్బకు ఈ రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. వారిలో మిద్దెలలో కూర్చున్నవారెందఱుందురు?

గొఱ్ఱెలకాపరి యొకడు స్వయముగా వచ్చి నాతో వాదించెను. "గుట్టకు కంచె వేసి మొక్కలు నాటుదురట. నాటుడు. నా జీవాలను ఎక్కడ మేపమందురు?" అనెను. పచ్చదనము మంచిదని వానికి నేను బోధింపబోయితిని. వాడు నవ్వి, "అయ్యా, చెట్టు విలువ మీకంటె గొఱ్ఱెకు తెలియును" అనెను. నేను ఊరకుంటిని. పొరంబోకు నేలమీద మనము గీయు ప్రతి గీత ఎవరిదో ఒకరి మేతబాటను కోయును. సూర్యరశ్మితో విద్యుత్తు తీయు పలకల విషయములోను ఇంతే. మైలవరము వైపు వేలయెకరములలో ఆ పలకలు పఱవ నిశ్చయించినప్పుడు అది దేశమునకు మేలే. ఆ నేలమీద మేసిన మందకు మాత్రము ఏ లెక్కలోను చోటు లేదు.

ఇంకొక చీటి నన్ను చాలసేపు ఆలోచింపజేసినది. పొగలేని కరెంటు కావలెనని ప్రపంచమంతయు కోరుచున్నది. అణువిద్యుత్తు అట్టిదే. దానికి కావలసిన యురేనియము మన ప్రక్క వేముల మండలములో, తుమ్మలపల్లెలో త్రవ్వబడుచున్నది. 2007లో శంకుస్థాపన జరిగినది. మన ఊరి పేరు పెట్టుకొన్న ఆ వేంపల్లె రాతిలోనే యురేనియమును గలదు, మన త్రాగునీరును గలదు. వ్యర్థపు చెఱువు చేరువ పల్లెలవారు తమ బోరునీరు చెడినదని, తోటలు పాడైనవని మొఱపెట్టుకొనిరి. సంస్థవారు తమవలన కాదనిరి. తీర్పు చెప్పుటకు నేను పరీక్షకుడను గాను. కాని దేశపు దీపమునకు పొగ తగ్గించు పనిలో ఒక పల్లె తన బావిని శంకింపవలసి వచ్చినపుడు, ఆ బావినీటి పరీక్షాఫలితములను తెలుగులో, ఆ పల్లె సభలో, ఏటేట చదివి వినిపించుట కనీసపు మర్యాద. ఆ చీటి వ్రాసినవారు కోరినదియు ఇంతమాత్రమే.

పాపాగ్ని ఇసుకను గూర్చి వ్రాసినవారు పలువురు. ఇసుక యేటికి దుప్పటివంటిది. వరదనీటిని తనలో పట్టి నెమ్మదిగ క్రిందికి దింపునది అదియే. ఊటకాలువలతో ఏటి ఒడ్డు పొలములు పండిన దినములు పెద్దలకు జ్ఞాపకమే. దుప్పటి లాగివేసిన పిమ్మట ఏటికి జ్వరము వచ్చుట వింత గాదు. ఎవరు లాగుచున్నారో అందఱికిని తెలిసినదే గనుక పేర్లతో పనిలేదు.

ఒక చీటిలో ఒకే వాక్యము. "మేమేమి వ్రాసినను వారు చేయునదే చేయుదురు." సంతకము లేదు. దీనికి నావద్ద జవాబు లేదు. 2018 మొదలు ఏటేట అక్టోబరునుండి గ్రామసభలలో ప్రజాప్రణాళికలు వేయించు ఏర్పాటు నడచినది. ఎన్ని సభలకు మనము పోయితిమి? పోయినవారిని అడిగినచో, ముందే నింపిన కాగితముమీద వ్రేలిముద్ర వేసి వచ్చితిమందురు. చేతిలో అంకె లేనివాడు సభలో కేక వేయగలడు గాని ప్రశ్న వేయలేడు.

కనుక కార్యవర్గమునకు నా మనవి యిది. మన గ్రంథాలయములో ఒక పద్దుపుస్తకము తెఱువుడు. వానను దినదినము కొలిచి వ్రాయించుడు. ఊరి నాలుగు దిక్కుల నాలుగైదు బావులను ఎంచి, నెలకొకమాఱు నీటిమట్టము కొలిపించుడు. బడిపిల్లలు ఈ పని చేయగలరు. పట్టాతాడు, కొలబద్ద తప్ప వేఱు సామగ్రి వలదు. రబీకి ముందు ఆ పద్దును గ్రామసభలో చదువుడు. పంచాయతీవారే వ్రాయవచ్చును గదా యని మీరందురేమో. వ్రాసినచో సంతోషమే. కాని మన సీమలో పంచాయతీకి ఒక పక్షముండును. ఆ పక్షము వ్రాసిన అంకెను రెండవ పక్షము నమ్మదు. ఉభయ పక్షములవారును ఒకే పత్రికను చేతులు మార్చుకొని చదువు చోటు ఈ ఊరిలో ఇదొక్కటే. 25 ఏండ్లలో గ్రంథాలయము సంపాదించిన ఆస్తి పుస్తకములకంటె ఈ నమ్మకమేయని నేననుకొందును. దానిని వ్యయము చేయవలసిన పని యొకటి వచ్చినది.

పద్దు తెఱచిన తరువాత చిక్కు మొదలగును. అది దాచుట నాకిష్టము లేదు. లోటు కనబడిన యేడు ఎవరి మోటారు ఆగవలెను? నా యభిప్రాయము నేను చెప్పెదను. మొదట మనిషి గొంతు, పిదప పశువు, పిదప ఏండ్లతరబడి పెంచిన చీనీచెట్టు, ఆ పిదపనే కారుపైరు. అందులో వరి కడపట. ఇది విని వరిరైతు, "నా అప్పు నీవు తీర్తువా?" అని నన్నడుగును. అడుగవలెను కూడ. ఒక్కనిపై భారము వేసి ఊరు దాహము తీర్చుకొనుట న్యాయము గాదు. అనంతపురము జిల్లాలో కొన్ని పల్లెలవారు దీనికి ఒక త్రోవ కనుగొనిరి. బోరున్నవారు బోరులేని పొరుగువారి పైరునకు ఎండుకాలములో ఒకటి రెండు తడులిచ్చిరి. అందుకు బదులుగా వారు క్రొత్త బోర్లు వేయమని ఒప్పుకొనిరి. ఇరువురికిని లాభమే. ఉన్న బోరు నిలిచినది, లేనివానికి అప్పు తప్పినది. మహారాష్ట్రమున హివరే బజార్ పల్లెవారు ఏటేట నీటిలెక్క చూచి పైరు నిర్ణయించుకొందురు. సేద్యమునకు బోరు వేయరాదని కట్టడి చేసికొనిరి. వారి నేల మనకంటె మేలైనది గాదు.

నిద్ర పట్టలేదని మొదట చెప్పితిని. కారణమిదియే. బోరు వేసి పొరుగువాని నీరు లాగినవాడు నేడు వేదికనెక్కి నీరు పంచుకొనుడని చెప్పుట వినువారికి ఎట్లుండును? ఆ పొరుగాయన ఈ సభలోనే యున్నారు. నిన్న సాయంకాలము వారి యింటికి పోయి, ఈ మాటలన్నియు ముందుగ వినిపించితిని. చాలసేపు ఊరకుండి, "మొదటి బావిగా మనిద్దఱి బోర్లు వ్రాయించు. ఎవరిది యెంత దిగుచున్నదో చూచుకొందము" అనిరి. కనుక పద్దులో మొదటి రెండు గడులు నిండినవి. మిగిలిన గడులకు పేర్లిచ్చువారు సభ ముగియగనే కార్యదర్శిగారిని కలిసికొనవలెను.

వానమాపకము సంగతి యొకటి మిగిలినది. గ్రంథాలయము వెనుకటి ఖాళీస్థలమును చూచి వచ్చితిని. మాపకము చుట్టును తెఱపి యుండవలెను. చెట్టుగాని గోడగాని యెంత యెత్తున్నదో అంతకు రెట్టింపు దూరమైనను విడువవలెను. అక్కడ తూర్పుప్రక్క వేపచెట్టు అడ్డము వచ్చుచున్నది. 25 ఏండ్ల క్రిందట ప్రారంభోత్సవమునాడు నాటిన చెట్టు గనుక కొట్టుమనుటకు నాకు నోరు రాదు. పడమట గోడ ప్రక్కవారు తమ దొడ్డిలో రెండు గజముల చోటిత్తుమన్నారు. ఆ దొడ్డిలో కోళ్ళు కలవు, కంచె వేయవలసియుండును. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు కొలువవలెను గనుక, ఆ వేళకు దొడ్డి తలుపు తీయువారెవరో కూడ కార్యవర్గము నిర్ణయింపవలసియున్నది.